వీణ అమ్మి మోసగాళ్లమయ్యామా?

రాయగడ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. కుదించి ఇస్తున్నాను.

వాళ్ల అత్తగారు విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నావిడ. భర్తకు పేపరు మిల్లులో ఉద్యోగం రావడంతో రాయగడ వచ్చి స్థిరపడ్డారు. కాలనీలో తెలుగు పిల్లలకూ ఒడియా పిల్లలకూ సరళీ స్వరాలు, గీతాలు చెప్పారు. ఆవిడ పోయాక వీణ గుడ్డ కప్పుకుని గది మూల ఉండిపోయింది. ఇంట్లో వాయించేవాళ్లు లేరు. "అమ్మేసి చెరిసగం తీసుకుందాం" అంది ఆడపడుచు. డిగ్రీ చదువుతున్న కూతురు ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టింది. "బొబ్బిలి ఏకాండ వీణ. పాతది, మంచి కండిషన్. కుండ చుట్టూ అసలైన ఏనుగు దంతం పట్టీ" అని రాసింది. కుండ అంటే వీణలో నాదం పలికే గుండ్రటి భాగం, ఏకాండ అంటే ఒకే దుంగలో చెక్కినది.

మొదట ఒకడు ఆర్మీ ఆఫీసర్నంటూ తగిలాడు. డబ్బు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. అమ్మాయి తెలివైనది కాబట్టి ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి ఒకాయన సంప్రదించారు, కూతురు వీణ నేర్చుకుంటోందట. వీడియో కాల్‌లో చూసి 85 వేలకు ఒప్పుకున్నారు. 20 వేలు అడ్వాన్సు, లారీ ట్రాన్స్‌పోర్టు రసీదు ఫోటో పంపగానే మిగతా 65 వేలు, మొత్తం అమ్మాయి ఖాతాలోనే వేశారు. మే నెల ఎండల్లో వీణను బొంతలో చుట్టి, అట్టపెట్టెలు కట్టి పంపారు. కిరాయి 1,400. రసీదు మీద సరుకు విలువ రాయించలేదు.

అందిన మర్నాడే ఫోటోలు వచ్చాయి. కుండ మెడ దగ్గర సన్నటి పగులు, తీగల కింద ఒరిగిపోయిన మెట్లు. ఆయన కూతురి గురువుగారు చూసి, ఇది ఏకాండ కాదు, అతుకు గీత కనిపిస్తోంది, దంతం కూడా కాదు, ప్లాస్టిక్ అన్నారట. మొత్తం 85 వేలు, పైగా ఖర్చులు ఇవ్వకపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాననీ, కన్స్యూమర్ కోర్టుకి వెళ్తాననీ, అమ్మాయి ఫోటో పెట్టి నలుగురికీ చెప్తాననీ ఆయన బెదిరింపు. ముందు డబ్బు అంటారాయన, ముందు వీణ అంటారు వీళ్లు. భర్త "ఇచ్చేసి వదిలించుకుందాం" అంటున్నారు. తన వాటా 42,500 కొడుకు హాస్టల్ ఫీజుకి కట్టేసిన ఆడపడుచు "ఒక్క రూపాయి ఇచ్చినా తప్పు ఒప్పుకున్నట్టే" అంటోంది. అమ్మాయి టెన్షన్‌తో సరిగ్గా తిండి తినడం లేదు. మూడు వారాలుగా ఇదే గొడవ.

ఉత్తరం చివర, వేరే సంగతి చెబుతూ మధ్యలో ఇంకో మాట రాశారు. అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు వీణ కిందపడి మెడ దగ్గర విరిగితే బొబ్బిలి తీసుకెళ్లి అతికించారట. "ఎక్కడైనా రిపేరు చేయించారా" అని ఆయన చాట్‌లో అడిగితే, ఆ సంగతి తెలియని అమ్మాయి "లేదు అంకుల్" అని పెట్టింది. "మేం మోసం చేయలేదు. నిరూపించుకోవడం ఎలా?" అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరం నిండా మోసం అన్న మాటే. ఆయన మెసేజుల్లోనూ అదే. ఆ మాటని కాసేపు పక్కన పెడదాం. ఎందుకంటే ఇక్కడ ఉన్నది ఒక తగువు కాదు, మూడు. దంతం సంగతి, ఏకాండ సంగతి, పగులు సంగతి. మూడింట్లోనూ మీ వైపు బలం ఒకేలా లేదు.

దంతంతో మొదలుపెడతాను, అది త్వరగా తేలిపోతుంది. ఆ పట్టీ ప్లాస్టిక్ అని తేలితే మీరు బాధపడకండి, దేవుడికి దణ్ణం పెట్టుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, తర్వాత దానికి వచ్చిన సవరణల ప్రకారం మన దేశంలో ఏనుగు దంతం అమ్మడం నేరం. తాతల నాటిదైనా, చిన్న ముక్కైనా అంతే. "అసలైన దంతం" అని ప్రకటనలో రాయడం గొప్ప అనుకుంది మీ అమ్మాయి, పాపం. నిజమైన దంతం కావాలని పట్టుబట్టి పోలీసు స్టేషన్‌కి వెళ్లే కొనుగోలుదారుకీ అక్కడ సుఖం ఉండదు. కాబట్టి ఈ ఫిర్యాదుని ఆయన ఎక్కువ దూరం లాగలేరు. అత్తగారి మాట నమ్మి రాశాం, పొరపాటే అని మీరు చెప్పేస్తే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త. గురువుగారి అంచనా తప్పై అది నిజంగా దంతమే అని ఎవరైనా తెలిసినవాళ్లు అంటే, వీణని ఎటూ కదపకముందే లాయరుతో మాట్లాడండి. అప్పుడు కింద నేను రాసిన దారులేవీ నేరుగా పనికిరావు.

ఇక ఏకాండ. కుండా, తీగలు సాగే పొడుగాటి దండీ ఒకే పనస దుంగలో చెక్కితే ఏకాండ. వేర్వేరుగా చెక్కి కలిపితే అతుకు వీణ. గీత కనిపించింది కాబట్టి అతుకు వీణే అని తేల్చేశారు గురువుగారు. ఆయనకు నాదం తెలుస్తుంది, సందేహం లేదు, కానీ కర్ర సంగతి చెప్పాల్సింది వడ్రంగి. వీణని బోర్లించి, దండి వెనక పాలిష్ కింద కర్ర నడక చూడాలి. గీతకి అటూ ఇటూ కర్ర చారలు ఒకే వరసలో సాగుతుంటే అది ఒకే దుంగ, ఎప్పుడో విరిగి అతికించింది. విరిగిన చోటు వంకరటింకరగా ఉంటుంది. రెండు ముక్కల్ని కావాలని కలిపిన చోట గీత తీరుగా ఉంటుంది, చారలు అక్కడ తెగిపోతాయి. మీ రిపేరు కథ నిజమైతే ఆయన చూసిన "అతుకు" అదే అయ్యుండొచ్చు. అంటే మీ వీణ ఏకాండే, కానీ విరిగి బాగుపడ్డ ఏకాండ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేస్తున్న కుటుంబాలున్నాయి. మీకు పార్వతీపురం దాటితే బొబ్బిలే. మీవారు ఒకపూట వెళ్లి, హైదరాబాద్ నుంచి ఆయన పంపే వెనకవైపు వీడియో చూపించి అడగొచ్చు. అక్కడ రిపేరు చేసినవాళ్లే దొరికి, అవును మేమే అతికించాం అని రాసిస్తే ఇంకా మంచిది. వాళ్లు అతుకు వీణే అని చెబితే మాత్రం వాదన అనవసరం, వెనక్కి తీసుకోవాలి. మీరు చెప్పిన సరుకు మీరు ఇవ్వనట్టే. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ కూడా అదే అంటుంది. వర్ణించి అమ్మిన సరుకు ఆ వర్ణనకి సరిపోవాలి.

మూడోది పగులు. ఇదే చిక్కు. దారిలో పగిలిందా, ముందే ఉందా, వాళ్లింట్లో విప్పేటప్పుడు తగిలిందా? చూసినవాళ్లెవరూ లేరు. అయితే మీ ఉత్తరంలోనే కొన్ని జవాబులున్నాయి. మెట్లు ఒరగడం దెబ్బ వల్లే అయ్యుండనక్కర్లేదు. వాటిని నిలబెట్టేది మైనం. మే ఎండలో లారీ మీద ఉన్న పెట్టెలో మైనం మెత్తబడితే మెట్లు కదులుతాయి. మైనం కరిగించి 24 మెట్లూ తిరిగి వేయించుకోవడం వీణ ఉన్న ఇళ్లలో అప్పుడప్పుడూ ఉండే ఖర్చే. మెడ దగ్గర పగులు వేరు. పంపేముందు బిరడాలు తిప్పి తీగలు వదులు చేశారా? మీరు రాయలేదు కాబట్టి చేయలేదనుకుంటాను. ఏడు తీగల బిగువూ ఆ మెడ మీదే ఉంటుంది, అదీ పాత అతుకు ఉన్న మెడ. దానికి చెక్క పెట్టె లేదు, బొంత ఉంది. రోడ్డు కుదుపులు చాలవా?

సరుకును ట్రాన్స్‌పోర్టు వాడి చేతిలో పెడితే కొన్నవాడికి అప్పగించినట్టే అని మామూలుగా చట్టం లెక్క. మీ ఆడపడుచుకి ఈ వాక్యం తెలిస్తే పట్టుకు వేలాడుతుంది. కానీ ఆ వెంటనే ఇంకో వాక్యం ఉంది. సరుకు స్వభావాన్ని బట్టి అమ్మినవాడు సరైన ఏర్పాటుతో పంపాలి, అలా చేయకపోతే నష్టం కొన్నవాడు మోయక్కర్లేదు. విలువ రాయించకుండా, చెక్క పెట్టె లేకుండా పంపిన 85 వేల వీణకి ఈ రెండో వాక్యమే వర్తిస్తుందని ఎవరైనా వాదించొచ్చు.

ట్రాన్స్‌పోర్టు వాళ్లని ఇద్దరూ మర్చిపోయారు, చిత్రంగా ఉంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరుకు దెబ్బతింటే, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రేపే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు జిరాక్సు, పగులు ఫోటోలు జత చేసి. పెద్దగా ఆశ పెట్టుకోకండి. విలువ ప్రకటించని సరుకుకి వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది, అంటే మీకు 14 వేలు. ప్యాకింగ్ బాలేదని అదీ ఎగ్గొట్టడానికి చూస్తారు. అయినా ఇవ్వండి, నోటీసు ఖర్చు ఎంతని.

ఇప్పుడు అసలు విషయం. "లేదు అంకుల్." ఈ రెండు మాటలే మీ కేసులో బరువైనవి. మీ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, తెలియనిది తెలిసినట్టు చెప్పింది. అమ్మని అడిగి చెప్తాను అంకుల్ అని ఉంటే ఈ ఉత్తరమే వచ్చేది కాదు. కానీ ఆయన వైపు నుంచి చూడండి. రిపేరు గురించి సూటిగా అడిగాడు, లేదన్నారు, నమ్మి డబ్బు వేశాడు. తీరా చూస్తే సరిగ్గా అక్కడే గీత, అక్కడే పగులు. మోసపోయానని అనుకోక ఏమనుకుంటాడు? మీరు ఆర్మీ ఆఫీసర్ని చూసి భయపడ్డట్టే ఆయన మిమ్మల్ని చూసి భయపడుతున్నాడు. ఆయన గొంతు పెంచడంలో సగం భయమే అని నా అంచనా.

చట్టం దృష్టిలో చీటింగ్ అంటే, పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 420, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318, మొదట్నుంచీ మోసపుచ్చే ఉద్దేశం ఉండాలి. పేరు, ఊరు, రసీదు అన్నీ ఇచ్చి, వీడియోలో చూపించి, సరుకు నిజంగా పంపినవాళ్ల మీద అది నిలబడటం కష్టం. ఇంట్లో వస్తువు ఒకటి అమ్ముకున్నవాళ్లు వ్యాపారులు కారు కాబట్టి కన్స్యూమర్ కోర్టు బెదిరింపూ అంత బలమైనది కాదు. 1930 మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అది ఆన్‌లైన్ ఆర్థిక మోసాలకి పెట్టిన నంబరు. ఫిర్యాదు వెళితే విచారణ తేలేదాకా ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతానే, బ్యాంకు ఆపేయొచ్చు. డబ్బు పడింది మీ అమ్మాయి ఖాతాలో. అందులోంచి 42,500 వెళ్లింది మీ ఆడపడుచు ఖాతాకి. డబ్బు ఎక్కడికి పోయిందో వెతుక్కుంటూ ఆ ఖాతా దాకా కూడా రావచ్చు. ఒక్క రూపాయి ఇవ్వొద్దంటున్న ఆవిడకి ఈ ముక్క తెలియాలి. అలాగని భయపడి మిగతా డబ్బు ఇంకో ఖాతాకి మార్చకండి, అది చూసేవాళ్లకి ఇంకోలా కనిపిస్తుంది. చాట్ ఒక్క అక్షరం చెరపకండి, "లేదు అంకుల్" తో సహా. వీడియో కాల్ వచ్చిన తేదీ, డబ్బు వచ్చిన వివరాలు, బుకింగ్ రసీదు, ప్యాక్ చేసేటప్పుడు తీసిన ఫోటోలు ఉంటే అవి, అన్నీ ఒక చోట ప్రింటు తీసి ఉంచండి. బ్యాంకు అడిగిన రోజు అదే మీకు ఆధారం.

అమ్మాయి ఫోటో పెడతాననడం వేరే సంగతి. దానికి మీ వైపు నుంచి మీవారు ఒకే ఒక్క మెసేజ్ పెట్టాలి. ఇది పెద్దవాళ్ల మధ్య విషయం, ఇకపై నాతోనే మాట్లాడండి, అమ్మాయి ఫోటో ఎక్కడైనా కనిపిస్తే మేం ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తుంది, అంతే. ఆ రోజు నుంచి అమ్మాయి ఫోన్లో ఆయన మెసేజులు చూడక్కర్లేదు. చెరపకుండా మ్యూట్ చేస్తే చాలు.

మీ ముందున్న దారులు నాకు మూడు కనిపిస్తున్నాయి.

మొత్తం వెనక్కి ఇచ్చి వీణ తెచ్చుకోవడం ఒకటి. పరువు కోసం అయితే వద్దు, "లేదు అంకుల్" కోసం అయితే న్యాయమే. ముందు డబ్బా ముందు వీణా అన్న ముడి దీనికి అడ్డం కాదు. రాయగడ తెలుగు ఇంట్లో హైదరాబాద్‌లో చుట్టం లేనివాళ్లుంటారా? మీ తరఫు ఒకరు వాళ్లింటికి వెళ్లి, వీణ చూసి, వీడియో తీసి, అక్కడే కూర్చుని ఖాతాలో వేసి, వీణ తీసుకుని రావాలి. "వీణ తిరిగి ఇచ్చాను, డబ్బు ముట్టింది, ఇక ఏ ఫిర్యాదూ లేదు" అని ఒక కాగితం మీద ఆయన సంతకం. ఆ వీణని మళ్లీ లారీ ఎక్కించకండి. కొన్నాళ్లు చుట్టం ఇంట్లోనే ఉంచండి. నష్టం ఏమిటంటే మీ చేతికి పగిలిన వీణ వస్తుంది, బాగుచేయించకుండా అది మళ్లీ అమ్ముడుపోదు, అప్పుడూ ఈ రిపేర్లన్నీ చెప్పే అమ్మాలి. ఆయన రానూపోనూ ఖర్చులు అడిగితే, ఆయన కట్టినవి ఏమైనా ఉంటే అవి ఇవ్వండి, మానసిక వేదన పద్దు కింద రాసేవి ఇవ్వకండి.

రెండోది వీణ ఆయన దగ్గరే ఉంచి ధర తగ్గించుకోవడం. ఇక్కడ మీ ఇద్దరినీ ఒకటి అడగాలని ఉంది. ఇన్ని ఫోటోలు, ఇన్ని మెసేజులు, ఇంతమంది అభిప్రాయాలు, కానీ తీగలు బిగించి ఆ వీణ వాయించి చూశామని ఎవరైనా అన్నారా? మీ ఉత్తరంలో అయితే లేదు. పాత పనస కర్ర, ఒక టీచరు చేతిలో ఏళ్ల తరబడి మోగిన వీణ. ఆ మెడ పాత అతుకుతో పలికిందనే కదా మీ అత్తగారు దానితో పాఠాలు చెప్పింది. మంచి పనివాడు ఆ పగులు సరిచేసి, మెట్లు వేస్తే గురువుగారికే నచ్చొచ్చు. హైదరాబాద్‌లో వీణలు బాగుచేసేవాడి చేత గానీ, బొబ్బిలి వాళ్ల చేత గానీ అంచనా వేయించి, ఆ ఖర్చూ, "విరిగి అతికించిన ఏకాండ" కి ధర ఎంత తగ్గుతుందో అదీ కలిపి మీరు వెనక్కి ఇస్తే, ఆయనకి వీణ దక్కుతుంది, మీకు మిగతాది మిగులుతుంది. నన్నడిగితే ముందు దీన్నే ప్రయత్నిస్తాను. కాకపోతే ఆయన కూతురికి ఈ వీణ కావాలనిపిస్తేనే కుదిరే దారి ఇది. మనసు విరిగిపోయి ఉంటే బలవంతం చేసి లాభం లేదు.

మూడోది మీ ఆడపడుచు దారి. చూసి కొన్నారు, పంపేశాం, మా బాధ్యత లేదు. కొన్నాళ్లు నిలబడగలరు కూడా. ఆయన హైదరాబాద్‌లో ఉండి మీ మీద సివిల్ దావా నడపడం ఆయనకే భారం. కానీ ఈలోగా ఖాతాలు ఆగిపోవచ్చు, అమ్మాయి పేరు ఒక ఫిర్యాదులో ఎక్కుతుంది, ఆ ఒక్క చాట్ లైను మీకు అడ్డం పడుతూనే ఉంటుంది. గెలిచినా ఇది గెలుపులా అనిపించకపోవచ్చు. అయినా మీ ఇంట్లో అందరూ ఇదే అనుకుంటే, నోరు జారకుండా, తిట్టకుండా, రాతలోనే మాట్లాడండి.

డబ్బు వెనక్కి ఇచ్చే దారి ఏదైనా, అందులో సగం మీ ఆడపడుచుది. పంచుకున్నప్పుడు ఇద్దరూ, కట్టేటప్పుడు మీరొక్కరే కాదు. అయితే ఈ మాట ఆవిడతో మీరు అనకండి, మీవారు అనాలి. అన్నాచెల్లెళ్ల మధ్య తల్లి వీణ లెక్క, వదిన నోటి నుంచి వస్తే వేరేగా వినిపిస్తుంది. హాస్టల్ ఫీజుకి పోయిన డబ్బు రేపు ఎక్కడి నుంచి తెస్తుంది? వాయిదాలుగా ఇవ్వమనండి, ముందు మీరు సర్దండి.

ఆయనకి మీవారు పంపాల్సిన మెసేజ్ ఇలా ఉంటే బాగుంటుందని నా సలహా: "మీరు రిపేరు గురించి అడిగినప్పుడు మా అమ్మాయికి తెలియక లేదని చెప్పింది. మెడ దగ్గర గతంలో ఒకసారి విరిగితే బొబ్బిలిలో అతికించారు. ఇది మీకు ముందే చెప్పాల్సింది. వీణ ఏకాండేనని మా నమ్మకం, దండి వెనకవైపు వీడియో పంపితే బొబ్బిలిలో చూపించి వాళ్ల మాట మీకే వినిపిస్తాం. బాగుచేయించి ఉంచుకుంటానంటే ధర తగ్గించుకుందాం. వద్దంటే మా బంధువు మీ ఇంటికి వచ్చి డబ్బు ఇచ్చి తీసుకెళ్తారు. వారం రోజుల్లో చెప్పండి." ఇందులో మోసం చేయలేదు అని ఎక్కడా రాయలేదు చూశారా, అక్కర్లేదు. కాకపోతే నిజం రాసి పంపాక అది కూడా రికార్డే, కాబట్టి పంపేముందు ఏ లాయరుకైనా చూపించండి.

వారం దాటినా జవాబు రాకపోతే, లేదా తిట్లే జవాబుగా వస్తే, రాయగడ జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసుకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపించమని అడగొచ్చు. ఆధార్ కార్డు, ట్రాన్స్‌పోర్టు రసీదు, చాట్ ప్రింట్లు పట్టుకెళ్లండి.